40 శాతానికీ 4 శాతానికీ మధ్య: దివ్యాంగుల నియామకాల్లోని చిక్కుముడి

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్ ఏదైనా తీసి చివరి పేజీల దాకా వెళితే, చాలామంది చూడకుండానే దాటేసే ఒక పట్టిక కనిపిస్తుంది. పోస్టు పేరుకు ఎదురుగా ఒక గడిలో ‘ఎస్, ఎస్‌టీ, డబ్ల్యూ, ఆర్‌డబ్ల్యూ, ఎస్‌ఈ’ అనీ, పక్క గడిలో ‘ఓఏ, ఓఎల్, ఎల్‌వీ, హెచ్‌హెచ్’ అనీ పొడి అక్షరాలు ఉంటాయి. మొదటి గడిలోవి ఆ ఉద్యోగంలో చేయవలసిన పనులు: కూర్చోవడం, నిలబడటం (ఇక్కడ ఎస్‌టీ అంటే అదే), నడవడం, చదవడం-రాయడం, చూడటం. రెండో గడిలోవి ఏ వైకల్యం ఉన్నవారు ఆ పోస్టుకు తగినవారో చెప్పే సంకేతాలు: ఒక చేయి, ఒక కాలు, మందదృష్టి, వినికిడి లోపం. ఈ రెండు గడుల్లో తన అక్షరాలు ఉన్నాయో లేదో వెతుక్కున్న తర్వాతే దివ్యాంగ అభ్యర్థి దరఖాస్తు చేయాలా వద్దా అన్నది తేల్చుకుంటాడు. మిగతా అభ్యర్థులకు సిలబస్‌తో మొదలయ్యే ప్రయాణం ఇతనికి ఈ పట్టికతో మొదలవుతుంది.

దివ్యాంగుల నియామకాల ప్రస్తావన వస్తే మనం సాధారణంగా ‘పీహెచ్ కోటా’ అన్న ఒక్క మాటతో సరిపెడతాం. ఆ మాటలో మూడు వేర్వేరు కొలతలు కలగలిసిపోయి ఉన్నాయి. రిజర్వేషన్ ఎవరికి వర్తిస్తుందన్నది ఒకటి. ఎన్ని పోస్టులు, ఏ పోస్టులు అన్నది రెండోది. ఆ మనిషి పరీక్ష రాయడానికి, పని చేయడానికి ఏమేం సమకూర్చాలన్నది మూడోది. మొదటిదాన్ని డాక్టర్లు కొలుస్తారు, రెండోదాన్ని ప్రభుత్వం లెక్కగడుతుంది, మూడోదాన్ని మాత్రం పని జరిగే చోట, ఆ మనిషినే అడిగి తేల్చుకోవాలి. ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును తీసుకెళ్లి మరో ప్రశ్నకు అతికించడం వల్లనే ఈ రంగంలో చాలా అన్యాయాలు జరుగుతున్నాయని నా నమ్మకం. వాటిలో ద్వేషంతో జరిగేవాటి కంటే గందరగోళంతో జరిగేవే ఎక్కువ కాబట్టి, ముడి విప్పి చూపడం వల్ల ప్రయోజనం ఉంటుందని కూడా నమ్ముతున్నాను.

మొదటి కొలత 40 శాతం. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. 2016 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం పొంది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. ఈ 21లో ఏదైనా ఒకటి 40 శాతం లేదా అంతకు మించి ఉందని వైద్యులు ధ్రువీకరిస్తేనే రిజర్వేషన్ సంగతి మొదలవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఆ ధ్రువీకరణకు ‘సదరం’ అన్న పేరు ఊరూరా స్థిరపడిపోయింది. ఇప్పుడు దేశవ్యాప్తంగా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ, దానికి తోడయింది. సదరం క్యాంపులో డాక్టరు చూసేది మోకాలు ఎంతవరకు వంగుతోంది, చెవి ఎన్ని డెసిబుల్స్ దగ్గర శబ్దాన్ని పట్టుకుంటోంది, కంటికి ఏ వరుస అక్షరాలు ఆనుతున్నాయి అన్న సంగతులు. ఆ మనిషి ఏ పని నేర్చుకున్నాడో, ఏ పరికరం సాయంతో ఎంత వేగంగా పని చేయగలడో డాక్టరు చూడడు, చూడవలసిన అవసరం కూడా అక్కడ లేదు. అయినా ఉద్యోగం ఇచ్చేచోట ‘70 శాతం అట, మనకు కష్టం’ అన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. పోలియోతో ఒక కాలు బాగా దెబ్బతిని 60 శాతం సర్టిఫికెట్ ఉన్న అకౌంటెంటుకు బల్ల దగ్గర కూర్చున్నాక ఏ సాయమూ అక్కరలేకపోవచ్చు. 40 శాతం కూడా లేని మనిషికి చేతివేళ్లు బిగుసుకుపోయి మూడు గంటల పరీక్ష రాయడం అసాధ్యం కావచ్చు.

ఈ రెండో ఉదాహరణ ఊహ కాదు. రాసేటప్పుడు వేళ్లు బిగుసుకుపోయే జబ్బు ఉన్న ఒక అభ్యర్థి సివిల్స్ పరీక్షకు స్క్రైబ్‌ను, అంటే తాను చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషిని కోరితే, 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో యూపీఎస్‌సీ నిరాకరించింది. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఆ నిరాకరణను తప్పుపడుతూ, 40 శాతం అన్న గీత రిజర్వేషన్ కోసం గీసినదనీ, వెసులుబాటు పొందే హక్కుకు ఆ గీతను అడ్డం పెట్టకూడదనీ చెప్పింది. దరిమిలా 2022 ఆగస్టులో కేంద్రం 40 శాతం లోపు ఉండి రాయడంలో ఇబ్బంది ఉన్నవారికి కూడా స్క్రైబ్‌ను అనుమతిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ ఒక్క తీర్పును శ్రద్ధగా చదివితే మొదటి కొలత, మూడో కొలత ఎందుకు వేర్వేరో తేటతెల్లమవుతుంది.

ఇక 4 శాతం. చట్టంలోని సెక్షన్ 34 ప్రకారం ప్రభుత్వ సంస్థలు ప్రతి గ్రూపు పోస్టుల్లోనూ కనీసం 4 శాతం దివ్యాంగులకు కేటాయించాలి. అంధత్వం, మందదృష్టి ఉన్నవారికి 1 శాతం. బధిరులకు, వినికిడి లోపం ఉన్నవారికి 1 శాతం. సెరిబ్రల్ పాల్సీ, మరుగుజ్జుతనం, కండరాల క్షీణత ఉన్నవారితోనూ, కుష్ఠు నయమైనవారితోనూ, యాసిడ్ దాడి బాధితులతోనూ కలిపి శారీరక వైకల్యం ఉన్నవారికి 1 శాతం. ఆటిజం, మేధోవైకల్యం, నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బందులు, మానసిక అనారోగ్యం ఉన్నవారికీ, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవారికీ కలిపి 1 శాతం. ఈ జాబితాను ఆ 21తో పోల్చి చూస్తే కొన్ని పేర్లు కనబడవు. తలసేమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ అనే రక్త వ్యాధులు, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల వ్యాధులు ఉన్నవారిని చట్టం దివ్యాంగులుగా గుర్తించింది కానీ ఉద్యోగాల 4 శాతంలో వారిని చేర్చలేదు. మన ఏజెన్సీ గిరిజనుల్లో సికిల్ సెల్ ఎంతమంది కుటుంబాలను కుంగదీస్తోందో తెలిసినవారికి ఈ ఖాళీ చిన్నదిగా అనిపించదు.

ఈ కోటాను దేనిమీద లెక్కించాలన్నది కూడా ఏళ్ల తరబడి నలిగిన ప్రశ్నే. దివ్యాంగులకు తగినవని గుర్తించిన పోస్టుల మీద మాత్రమే లెక్కిస్తామని ప్రభుత్వాలు వాదించేవి. అలా చేస్తే గుర్తించే పోస్టులను తగ్గించినకొద్దీ కోటా దానంతటదే కుంచించుకుపోతుంది. 2013 అక్టోబరు 8న జాతీయ అంధుల సమాఖ్య కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతికి తెరదించి, ఆ కేడర్‌లోని మొత్తం ఖాళీల మీద లెక్కించాలని స్పష్టం చేసింది. గుర్తించిన పోస్టుల జాబితా వారిని ఎక్కడ నియమించాలో చెబుతుందే తప్ప, ఎంతమందిని నియమించాలో చెప్పదు. 2021 జనవరి 4న కేంద్రం ప్రకటించిన జాబితాలో ఇలాంటి పోస్టులు 3,566 ఉన్నాయి.

ఈ రిజర్వేషన్ అడ్డంగా సాగుతుంది. అంటే ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ అన్న నిలువు గదులను అలాగే ఉంచి, వాటన్నింటి గుండా దారంలా వెళుతుంది. చూపు లేని బీసీ అభ్యర్థి దివ్యాంగ కోటాలో ఎంపికైతే అతన్ని బీసీ ఖాళీలోనే సర్దుతారు, కాబట్టి మొత్తం రిజర్వేషన్ ఒక్క పోస్టు కూడా పెరగదు. ‘వాళ్లకు ఇస్తే మన వాటా పోతుంది’ అని కోచింగ్ సెంటర్ల దగ్గర వినిపించే ఫిర్యాదుకు చాలావరకు ఈ లెక్క తెలియకపోవడమే కారణం. కేంద్ర సర్వీసుల్లో ఏ వరుస ఖాళీ ఎవరికి చెందుతుందో చెప్పే 100 పాయింట్ల రోస్టర్‌ను 25 చొప్పున నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఒక్కో వర్గానికి పోస్టు కేటాయిస్తారు. తగిన అభ్యర్థి దొరకకపోతే ఆ పోస్టు మరుసటి నియామక సంవత్సరానికి మారుతుంది. అప్పుడూ దొరకకపోతే ముందుగా దివ్యాంగుల్లోని మరో వర్గానికి ఇవ్వాలి. ఎవరూ లేరని తేలాకే ఇతరులకు వెళ్లాలి. మనం బ్యాక్‌లాగ్ పోస్టులు అని పిలిచేవి ఇలా పోగుపడినవే. నోటిఫికేషనే రాని ఏడాది ఈ లెక్కలన్నీ కాగితం మీదే ఉండిపోతాయన్నది వేరే చెప్పనక్కరలేదు.

మూడో కొలత దగ్గర కాస్త నిలవాలి, ఎందుకంటే నియామకం నిజంగా జరిగేదీ చెడేదీ అక్కడే. చట్టం దీన్ని సహేతుకమైన వెసులుబాటు అంటుంది: యజమాని మీద మోయలేని భారం పడకుండా, ఆ మనిషి ఇతరులతో సమానంగా పని చేయడానికి అవసరమైన, తగిన మార్పులు చేయడం. ఇందులో దయకు చోటు లేదు, ప్రమాణాలు తగ్గించడమూ లేదు. ఫలితం అదే ఉంటుంది, అక్కడికి చేరే దారి మాత్రం మారుతుంది. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలన్నాయి. సొంత స్క్రైబ్‌ను తెచ్చుకుంటే ఆ స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలన్నాయి. వినడానికి ఇది సబబుగానే ఉంటుంది కానీ, గణితం గుర్తులు తెలిసిన, ఆదివారం పొద్దున్నే వేరే ఊరి పరీక్ష కేంద్రానికి వచ్చే, అభ్యర్థి కంటే ఒక మెట్టు తక్కువ చదివిన మనిషిని వెతికి పట్టుకోవడం ఎంత పనో ఆ పని చేసినవారికే తెలుసు.

తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే ఒక అవరోధం గురించి ఇక్కడే చెప్పాలి. చూపు లేనివారు కంప్యూటర్‌ను స్క్రీన్ రీడర్‌తో వాడతారు. తెర మీది అక్షరాలను అది గొంతుతో చదివి వినిపిస్తుంది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, ప్రామాణిక అక్షర సంకేతాల పద్ధతి అయిన యూనికోడ్‌లో ఉన్న తెలుగును చదువుతుంది. అయితే మన కార్యాలయాల్లో, డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ ఎన్నో ఉత్తర్వులు, సర్క్యులర్లు యూనికోడ్ కాని ‘అను’ అనే పాత ఫాంట్లలో టైపవుతున్నాయి. కంటికి చక్కని తెలుగులా కనిపించే ఆ పేజీ, స్క్రీన్ రీడర్‌కు అర్థం లేని ఇంగ్లిషు అక్షరాల కుప్ప. కాగితాన్ని స్కాన్ చేసి పెట్టిన పీడీఎఫ్ అయితే అసలు అక్షరాలే లేని ఖాళీ బొమ్మ. చూపు లేని గుమస్తా ‘ఫైళ్లు చూడలేకపోతున్నాడు’ అని పైఅధికారి రాసే ముందు, ఆ ఫైలును యూనికోడ్‌లో టైపు చేయించారా అని ఒక్కసారి అడిగితే చాలు. ఆ మార్పుకు రూపాయి ఖర్చు కూడా ఉండదు.

భవనాలు, వెబ్‌సైట్ల వంటి వాటి సంగతి వేరు. ర్యాంపు, లిఫ్టు, చదవగలిగే వెబ్‌సైటు అన్నవి ఎవరో ఒకరు అడిగినప్పుడు చేసే వెసులుబాట్లు కావు, ఎవరూ అడగకముందే ఉండవలసిన సదుపాయాలు. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఈ తేడాను ప్రత్యేకంగా ఎత్తిచూపి, సదుపాయాల ప్రమాణాలను సలహాలుగా వదిలేసిన నిబంధనను చెల్లదని ప్రకటించి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమంది. ఆ కేసులో న్యాయస్థానానికి క్షేత్రస్థాయి నివేదికను ఇచ్చింది హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయానికి చెందిన వైకల్య అధ్యయన కేంద్రం.

ప్రైవేటు రంగంలోకి వస్తే చట్టం గొంతు మెత్తబడుతుంది. అక్కడ 4 శాతం కోటా లేదు. సిబ్బందిలో కనీసం 5 శాతం దివ్యాంగులు ఉండేలా యజమానులకు ప్రోత్సాహకాలు ఇవ్వాలని సెక్షన్ 35 చెబుతుంది, అదీ ప్రభుత్వాల ఆర్థిక స్తోమతకు లోబడి. నియామకాల్లో వివక్ష చూపకూడదని నేరుగా చెప్పే సెక్షన్ 20 ప్రభుత్వ సంస్థలనే పేర్కొంటుంది. ప్రైవేటు సంస్థలను స్పష్టంగా పట్టుకునేది సెక్షన్ 21: ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ అయితే ఏ పోస్టులు దివ్యాంగులకు తగినవో, ఎంపిక ఎలా చేస్తారో, శిక్షణ, బదిలీలు, ప్రత్యేక సెలవులు, సహాయక పరికరాల సంగతి ఏమిటో ఆ విధానంలో రాయాలి, ఒక అనుసంధాన అధికారిని నియమించాలి. 20 మంది అంటే పెద్ద కంపెనీ ఏమీ కాదు. మన పట్టణంలోని నర్సింగ్ హోమ్, బట్టల షోరూమ్, ప్రైవేటు స్కూలు అందులోకి వస్తాయి. అలాంటి చోట్ల ఈ కాగితం ఉందా అని అడిగితే, అలాంటి నిబంధన ఉందన్న సంగతే కొత్తగా విన్నట్టు చూస్తారు. స్టాక్ మార్కెట్‌లో నమోదైన మొదటి 1,000 కంపెనీలు మాత్రం తమ వద్ద ఎందరు దివ్యాంగులు పనిచేస్తున్నారో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి ఏటా వెల్లడించాల్సి వస్తోంది. లెక్క బయటపెట్టవలసి వచ్చినప్పుడే కొన్ని సంస్థలు లోపలికి తొంగి చూసుకుంటాయి.

‘మేం ప్రకటన ఇస్తే వాళ్లు దరఖాస్తే చేయడం లేదు’ అన్నది యజమానుల వైపు నుంచి తరచూ వచ్చే మాట. అందులో కొంత నిజముంది, దానికి కారణం కూడా ఉంది. 2018 జులై నుంచి డిసెంబరు వరకు జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడత ప్రకారం 15 ఏళ్లు దాటిన దివ్యాంగుల్లో పనిచేస్తున్నవారు, పని వెతుక్కుంటున్నవారు కలిపి 23.8 శాతమే. అదే సర్వేలో వారి నిరుద్యోగిత 4.2 శాతం. ఈ రెండో అంకెను మాత్రమే చూసిన మనిషి పరిస్థితి మెరుగ్గా ఉందనుకుంటాడు. నిరుద్యోగి అని లెక్కకు రావాలంటే ముందు పని కోసం వెతకాలి. నాలుగింట మూడొంతుల మంది ఆ వెతుకులాటలోనే లేరు. వారిలో వృద్ధులు, చదువుకుంటున్నవారు, పని చేసే స్థితిలో లేనివారు ఉంటారు. అడిగి అడిగి విసిగి మానుకున్నవారు, ఇంట్లోవాళ్లు బయటికి పంపనివారు కూడా ఉంటారు.

ప్రకటన రాసే తీరు కూడా మనుషుల్ని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ‘సొంత బైకు, డ్రైవింగ్ లైసెన్సు తప్పనిసరి’ అన్న వాక్యం మన ఊళ్లలో అకౌంటెంటు ఉద్యోగానికి కూడా కనిపిస్తుంది. బ్యాంకుకు రోజుకోసారి వెళ్లిరావాలన్నది ఆ వాక్యం వెనకున్న అసలు అవసరం. ఆ పని ఆటోలో వెళ్లి చేయవచ్చు, మరొకరికి అప్పగించవచ్చు. ‘చక్కగా మాట్లాడగలగాలి’ అన్న షరతు గోదాములో సరుకు లెక్కరాసే ఉద్యోగానికి పెడితే, బధిర అభ్యర్థి ఆ పేజీ మూసేస్తాడు. ప్రకటనలోని ప్రతి షరతు దగ్గరా ‘ఇది పనికి కావాలా, మనకు అలవాటై రాశామా’ అని ప్రశ్నించుకోవడం ఖర్చు లేని పని, ప్రభావం మాత్రం పెద్దది.

కొన్నేళ్ల కిందట హైదరాబాదులో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగానికి జరిగిన ఎంపికలో నేనూ బోర్డులో కూర్చున్నాను. చూపు లేని ఒక అమ్మాయి వచ్చింది. ఆన్‌లైన్ పరీక్షలో జవాబును మౌసుతో లాగి గడిలో వేయాలి. కీబోర్డుతో ఆ పని జరగదు. పది నిమిషాలు ప్రయత్నించి ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. మాలో ఒకరు సున్నా మార్కులు వేయబోయారు. అవే లెక్కలను మామూలు ఎక్సెల్ షీటులో పెట్టి ఇవ్వగలరా అని ఆమె అడిగింది. ఇచ్చాం. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మొదలుపెట్టింది. రెండో ఇయర్‌ఫోన్ నా చెవికి అందిస్తే విన్నాను. గొంతు ఎంత వేగంగా చదువుతోందంటే నాకు ఒక్క పదమూ అందలేదు. ఆమె వేళ్లు ఆగకుండా కదులుతూనే ఉన్నాయి. ఇరవై రెండో వరుసలో ఒక ఇన్వాయిస్ నంబరు రెండుసార్లు పడిందని మాకు చెప్పింది ఆమే. షీటు తయారుచేసినవారు దాన్ని గమనించలేదు. ఆ రోజు మేము కొలవబోయింది ఆమె లెక్కల జ్ఞానాన్ని అనుకున్నాం, నిజానికి కొలిచింది మౌసును.

ఇంటర్వ్యూలో అడగవలసిన ప్రశ్న కూడా ఇక్కడే తేలిపోతుంది. ‘నువ్వు ఈ పని చేయగలవా?’ అంటే ఎవరైనా చేయగలననే అంటారు, వినేవారు నమ్మరు. ‘ఈ పనిలో ఇవి ఇవి ఉన్నాయి, మీరు వీటిని ఎలా చేస్తారు, మా వైపు నుంచి ఏం కావాలి?’ అని అడిగితే జవాబు వివరంగా వస్తుంది, నిర్ణయం తీసుకోవడానికి పనికివస్తుంది. పుట్టుకతోనా, ప్రమాదంలోనా, పెళ్లయిందా, ఇంట్లో ఎవరు చూసుకుంటారు అన్నవి పరామర్శగా అడిగినా అక్కడ వాటికి చోటు లేదు. అమెరికాలో 1990 నాటి వైకల్య చట్టం ఉద్యోగం ఇస్తున్నామని చెప్పకముందు వైకల్యం గురించి, జబ్బుల గురించి యజమాని అడగడాన్నే నిషేధించింది. మనకు అంత స్పష్టమైన కట్టడి లేదు కాబట్టి అడిగేవారి సంస్కారం మీదే చాలా ఆధారపడి ఉంది. బధిర అభ్యర్థి సైగల భాష అనువాదకుడితో వస్తే, మాట్లాడవలసింది అభ్యర్థి ముఖం చూస్తూ. సైగల భాషే తొలి భాషగా పెరిగినవారికి తెలుగు, ఇంగ్లిషు రెండూ తర్వాత నేర్చుకున్న భాషలు. రాతలో విభక్తి తప్పితే దాన్ని తెలివి తక్కువతనంగా లెక్కించకూడదు.

ఆ 4 శాతంలోని నాలుగో వర్గం, అంటే ఆటిజం, మేధోవైకల్యం, మానసిక అనారోగ్యం వంటివి ఉన్నవారి గురించి మన దగ్గర ఇంకా మాటే సరిగా మొదలవలేదు. ఆటిజం ఉన్న యువకుడు కళ్లలోకి చూసి మాట్లాడకపోవచ్చు, ‘మీ గురించి చెప్పండి’ అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోవచ్చు. అరగంట కబుర్లకు బదులు రెండు రోజులు పని చేయించి చూస్తే అతని నేర్పు కనబడుతుంది. మానసిక అనారోగ్యం ఉన్నవారి ఇబ్బంది మరొకటి: సర్టిఫికెట్ చూపితే కోటా వస్తుంది, చూపినందుకు జీవితాంతం ఆ ముద్రా వస్తుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984 నుంచి జాతీయ సంస్థే పనిచేస్తున్నా, అక్కడికి కూతవేటు దూరంలోని కార్యాలయాల్లో కూడా ఈ వర్గానికి ఏ పని ఇవ్వవచ్చో తెలియదనే అంటారు.

చూపు లేనివారికి టెలిఫోన్ ఆపరేటరు, కుర్చీల అల్లిక, వినబడనివారికి డీటీపీ అని మనం గీసుకున్న గీతలు ఎంత తప్పో చూపినవారు ఉన్నారు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లా, ఇంటర్‌లో సైన్సు చదవడానికే కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. అమెరికాలోని ఎంఐటీలో చదివి వచ్చి హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి దివ్యాంగులకు ఉద్యోగాలు ఇచ్చారు. లెమన్ ట్రీ హోటళ్లు 2007 నుంచి బధిరులను చేర్చుకుంటున్నాయి. 2025 మార్చి 3న సుప్రీంకోర్టు, చూపు లేనివారు న్యాయాధికారి పోస్టులకు పోటీపడకుండా అడ్డుకున్న మధ్యప్రదేశ్ నిబంధనను కొట్టేసింది. గుర్తించిన పోస్టుల జాబితాలో ఒక పేరు లేదంటే ఆ పని అసాధ్యమని కాదు; ఆ జాబితా రాసిన రోజుకు ఎవరూ దాన్ని చేసి చూపలేదని మాత్రమే కావచ్చు.

నియామకం గురించి చెప్పుకుంటూ ఒక ప్రశ్నను వదిలేయలేం: ఉద్యోగంలో చేరాక వైకల్యం వస్తే? సెక్షన్ 20 ప్రకారం ప్రభుత్వ సంస్థ అలాంటి ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే వేతన శ్రేణితో మరో పోస్టుకు మార్చాలి, అదీ లేకపోతే తగిన పోస్టు వచ్చేదాకా అదనపు పోస్టు సృష్టించి ఉంచాలి. ఆర్టీసీలో డ్రైవరుగా చేరిన ఒక వ్యక్తికి రంగులు గుర్తించలేని లోపం ఉందని వైద్యపరీక్షలో తేలినప్పుడు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వకుండా ఇంటికి పంపారు. ఆ లోపం 21 రకాల్లో లేదు కాబట్టి ఈ సెక్షన్ అతనికి సూటిగా ఆసరా కాలేదు. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీని అతనికి తగిన మరో ఉద్యోగం ఇవ్వమని ఆదేశించినప్పుడు ప్రధానంగా ఆధారపడింది సంస్థకూ కార్మిక సంఘాలకూ 1979లో కుదిరిన ఒప్పందం మీద. రంగులు పోల్చుకోలేని డ్రైవరును మరో పనిలో పెట్టాలని అందులో ఒక క్లాజు ఉంది. దేశంలో దివ్యాంగుల కోసం చట్టమన్నదే లేని రోజుల్లో, డ్రైవర్లూ కండక్టర్లూ యాజమాన్యంతో కూర్చుని రాయించుకున్న క్లాజు అది.